అత్త మగ్గానికి వెడల్పు కన్ను

మా వీధిలో మిక్సీ తిరగకపోతే ముందు దేవుణ్ణి తలుచుకుంటారు, తర్వాత గోపినాథ్‌ను పిలుస్తారు. దేవుడే పంపించినట్టు అతను తొందరగానే వస్తాడు. చేతిలో ఒక స్క్రూడ్రైవరు, నోట్లో మరొకటి. నోట్లో స్క్రూడ్రైవరు ఉండగా ఏం అడిగినా "ఊఁ" అనే అంటాడు. అందుకని ఇంటి ఆడవాళ్ళు అదే అదను చూసి ఫ్యానూ, మోటారూ, ఇస్త్రీ పెట్టె కూడా చూపించేస్తారు. అన్నీ చూసిగానీ కదలడు.

వేలూరు దగ్గరి గుడియాత్తంలో మాది నేతవాళ్ళ వీధి. గోపినాథ్ నాన్న లుంగీలు నేసేవాడు. ఇతను మాత్రం ఐటిఐలో కరెంటు పని నేర్చుకున్నాడు. నలభై ఆరేళ్ళు. భార్య కోకిల. ఆమె తల్లి సెల్లమ్మ కూడా వీళ్ళతోనే ఉంటుంది. ఇంటి వెనక గదిలో సెల్లమ్మ గుంట మగ్గం, ముందు అరుగు మీద గోపినాథ్ బల్ల.

ఆ బల్ల మీద పగలు ఊళ్ళోవాళ్ళ మిక్సీలుంటాయి. సాయంత్రం అయిందంటే గోపినాథ్ సొంత పిచ్చి మొదలవుతుంది. అగ్గిపెట్టెలో సగం ఉండే పచ్చటి బోర్డులు. వాటికి సన్నటి తీగలు. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాడు.

"దీనికి చిన్న మెదడు ఉండాది అత్తా," అని ఒకసారి సెల్లమ్మకు వివరించబోయాడు. "మనం రాసిచ్చిన పని చేస్తాది. ఇంకోటి చెయ్యదు."

"అయితే మా అల్లుడి మాదిరే," అంది సెల్లమ్మ.

మొదటి ప్రయోగం కోకిల కుక్కరు మీద జరిగింది. ఆ బోర్డు విజిల్స్ లెక్కపెట్టి, మూడు కాగానే గంట కొట్టాలి. పాపం సరిగ్గానే కొట్టింది. కాకపోతే వీధి చివర పేర్ణంబట్టు బస్సు హారన్‌ను కూడా విజిల్ కిందే లెక్కేసింది. ఆ రోజు సాంబారులో పప్పు పంటి కింద గోలీలాగా పలికింది. గోపినాథ్ రెండుసార్లు వడ్డించుకున్నాడు. కోకిల మర్నాటి నుంచి బస్సు వెళ్ళిపోయాక కుక్కరు పెట్టడం మొదలుపెట్టింది. సంసారాలు ఇలాంటి చిన్న చిన్న సర్దుబాట్ల మీదే నడుస్తాయని నాకు అనిపిస్తుంది.

ఇక అసలు సంగతి. మా వీధి చౌడేశ్వరి అమ్మవారికి ప్రతి ఏడూ తమిళుల ఆడి మాసంలో ఒక నూలు చీర సమర్పిస్తాం. నలభై ఏళ్ళుగా ఆ చీర సెల్లమ్మ మగ్గం మీదే పుడుతోంది. దానికి నియమాలున్నాయి. తొమ్మిది రోజులు. నేసే మనిషి తలస్నానం చేసి, మగ్గంలో కూర్చుని లేచేదాకా మాట్లాడకూడదు. ఆ గదిలో రెండో మనిషి ఉండకూడదు. అన్నిటికంటే పెద్దది, పడుగులో పోగు తెగితే దాన్ని ముడేసిన తర్వాతే అడ్డనూలు మోసే నాడె దాటాలి. తెగిన పోగును వదిలేసి నేసుకుంటూ పోతే బట్టలో సన్నటి ఖాళీ గీత పడుతుంది. అమ్మవారి ఒంటి మీద ఆ గీత ఉండకూడదు.

పోయిన ఏడు ఆ గీత పడింది. ఎడమ అంచున, జానెడు పొడవున. సెల్లమ్మకు చక్కెర జబ్బు వచ్చి ఎడమ కంటి చూపు మసకబారింది. "పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోండి" అని వేలూరు డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. మగ్గం ఎడమ కొస సెల్లమ్మకు ఇప్పుడు పొగమంచులో ఊరిలాగా ఉంటుంది.

ఈ ఏడు ఆడి దగ్గర పడుతుండగా గుడి ధర్మకర్త శంకరలింగం సెల్లమ్మ వాళ్ళింటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగాడు. వానల గురించి అరగంట మాట్లాడాడు. రెండో లోటా కూడా తాగాడు. అప్పుడు లోటాలోకి చూస్తూ అన్నాడు.

"సెల్లమ్మా, ఈ తూరి చీర ఇంకో ఇంట్లో నేయిస్తామా అని నలుగురూ అనుకుంటా ఉండారు."

సెల్లమ్మ ఆయన చేతిలోని లోటా అందుకుంది. "ఈ ఒక్క తూరీ నన్నే నెయ్యనీ సామీ," అంది. "గీత పడిందంటే ఇంక నేనే మగ్గం విప్పేస్తా. నువ్వు చెప్పే పని లేదు."

శంకరలింగం "సరి" అన్నాడు. వెళ్ళేటప్పుడు చెప్పులు తారుమారుగా వేసుకుని వెళ్ళాడు.

ఇదంతా గోపినాథ్ మిక్సీ జారు విప్పుతూ విన్నాడు. స్క్రూ కింద పడినా వెతకలేదు.

రెండు రోజుల తర్వాత ధర్మకర్త ఇంటికి వెళ్ళి అడిగాడు. "మామా, గదిలో రెండో మనిషి ఉండకూడదు, సరి. ఒక కెమెరా ఉండొచ్చునా?"

శంకరలింగం ఆలోచించాడు. "ఊపిరి తీస్తాదా?"

"తియ్యదు."

"మాట్లాడతాదా?"

"పోగు తెగితే గంట కొడతాది."

"గంటంటే అమ్మవారికి ఇష్టమే. పెట్టుకో."

ఆలోచన ఏమిటంటే, పడుగు పోగులన్నీ నిలువుగా ఉంటాయి. ఒకటి తెగితే అది పక్క పోగుల మీద అడ్డంగా పడుతుంది. ఆ అడ్డాన్ని కెమెరా చూస్తుంది, బోర్డు గంట కొడుతుంది. తులసి మొక్కను తినే మేకను పట్టుకోవడానికి పెట్టిన పాత కెమెరా ఒకటి ఉంది. దాన్ని తెచ్చి మగ్గం మీద దూలానికి కట్టాడు. ఫోనులో చూస్తే బొమ్మంతా ఎర్రగా ఉంది. కింద నుంచి చూశాడు, తీగలు చూశాడు, బోర్డు మార్చాడు. ఇంకా ఎర్రగానే ఉంది. చివరికి నిచ్చెన వేసుకుని చూస్తే కెమెరా గాజు మీద గుండ్రంగా కుంకుమ బొట్టు.

"కొత్త పనిముట్టు కదా నాయనా," అంది సెల్లమ్మ. "బొట్టు పెట్టకుండా ఎట్ల?"

బొట్టు తుడిచాక మగ్గం కనిపించింది గానీ నడిమి భాగమే. సెల్లమ్మ రెండు చేతులూ, ఒక మోకాలూ. ఎడమ అంచు లేదు. కెమెరాను పైకి జరుపుదామంటే మీద పెంకులు. ఇంకా పైకంటే ఇంటి కప్పు దాటి ఆకాశంలోనే కట్టాలి.

అందుకని వేలూరు వెళ్ళాడు. అక్కడ సత్తువాచారిలో దినకరన్ అనే ఆయనకు ఇలాంటి బోర్డులూ తీగలూ అమ్మే కొట్టుంది. కొనేవాడికి పని అయ్యేదాకా ఆయనకు నిద్ర పట్టదు. సంగతంతా విని, డబ్బాలన్నీ కిందా మీదా చేసి, గోటి మీద నిలబడేంత కెమెరా ఒకటి తీశాడు. దాని గాజు బయటికి ఉబ్బి, కప్ప కన్నులాగా ఉంది.

"ఇది వెడల్పు కన్ను. గోడకు ఆనించి పెట్టినా గదంతా చూస్తాది," అన్నాడు దినకరన్. "కొసల్లో గీతలు కొంజం వంగి కనిపిస్తాయి, అది గమనం పెట్టుకో. ఈ పట్టీ తీగ ఇంకోటి తీసుకుపో. ఒకటి తెగితే మళ్ళీ ఇంత దూరం వచ్చే పని ఉండదు."

తిరుగు బస్సులో కాలు పెట్టే చోటు లేదు. గోపినాథ్ చిన్న డబ్బాను తల మీదికి ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. కూర్చున్న ఒకామె, ఒళ్ళో వంకాయల బుట్ట ఉన్నామె, అడిగింది.

"ఏందప్పా అంత భద్రంగా పట్టుకున్నావు?"

"మా అత్తకు కన్ను తీసుకుపోతా ఉండా అమ్మా."

వేలూరు నుంచి వచ్చే బస్సు. వేలూరంటేనే ఆసుపత్రి. ఆ ఒక్క మాటతో బస్సు బస్సంతా సద్దుమణిగింది. ఆమె లేచి సీటిచ్చింది. కండక్టరు ముందుకు వెళ్ళి డ్రైవరు చెవిలో ఏదో చెప్పాడు. అప్పటి నుంచి డ్రైవరు ప్రతి గుంత దగ్గరా పెళ్ళికూతురి పల్లకీ మోస్తున్నట్టు నడిపాడు. నిజం చెప్పడానికి గోపినాథ్ రెండుసార్లు నోరు తెరిచాడు. అప్పటికి ఆమె కళ్ళు మూసుకుని సెల్లమ్మ కోసం దండం పెడుతోంది. కే.వి.కుప్పంలో దిగుతూ నాలుగు వంకాయలు అతని ఒళ్ళో పెట్టి, "అమ్మవారు చూసుకుంటాదిలే" అంది. చేయని పుణ్యానికి వచ్చిన ఆ వంకాయలు ఇంటికి తేవడానికి అతనికి చాలా సిగ్గేసింది. తెచ్చాడనుకోండి. కూర బాగుందట.

మర్నాడు పొద్దున్నే వెడల్పు కన్నును దూలానికి బిగించాడు. ఫోనులో మగ్గం మొత్తం కనిపించింది. ఎడమ అంచు, కుడి అంచు, గుంట, గడప, కిటికీ కూడా. అమ్మవారి పడుగు అప్పటికే మగ్గం మీద ఉంది. అంతలో పక్క వీధిలో నీళ్ళ మోటారు ఆగిపోయిందని పిలుపొచ్చింది. పాత ఫోను అరుగు మీద గోడకు ఆనించి, "ఇప్పుడే వస్తా" అని వెళ్ళాడు. దినకరన్ గమనం పెట్టుకోమన్న సంగతి ఎవరికీ చెప్పలేదు.

శంకరలింగం అటుగా వస్తూ ఫోనులోకి చూసి ఆగిపోయాడు.

"ఇదేంది, పడుగు ఇట్ల వంగిపోయి ఉండాది?"

నేతవాళ్ళ కళ్ళ సంగతి మీకు చెప్పాలి. ఊళ్ళో ఎన్ని అన్యాయాలైనా ఓర్చుకుంటారు గానీ పడుగులో వంకర ఓర్చుకోలేరు. ఫోనులో చూస్తే ఎడమ అంచు పోగులు ఎడమకు ఉబ్బి ఉన్నాయి, కుడివి కుడికి ఉబ్బి ఉన్నాయి. అడ్డ కర్ర విల్లులాగా వంగి ఉంది. తొమ్మిది రోజుల నియమం ఇంకా మొదలవలేదు కాబట్టి ఐదు నిమిషాల్లో నలుగురు మగవాళ్ళు మగ్గం గదిలో ఉన్నారు. శంకరలింగం అరుగు మీద ఫోను ముందు కూర్చుని, ఫోటో స్టూడియోలో పెళ్ళికొడుకును కూర్చోబెట్టేవాడిలాగా ఆజ్ఞలిస్తున్నాడు.

"ఎడమ గుంజ కింద చెక్క పెట్టండి. చాలదు, ఇటిక పెట్టండి. కుడి తాడు ఇంకో ముడి. అయ్యో, ఇప్పుడు అడ్డ కర్ర ఇంకా వంగినాది."

సెల్లమ్మ అరచేతితో పడుగును ఒక కొస నుంచి ఇంకో కొసకు నిమిరి చూసింది. "నా చేతికి సరిగ్గానే ఉండాది సామీ."

"నీ చేతికి వయసైపోయినాది సెల్లమ్మా," అన్నాడు శంకరలింగం జాలిగా. "ఇది నిన్ననే వేలూరు నుంచి వచ్చినాది."

పక్కింటి పచ్చయమ్మ తన వంతుగా ఒక కొబ్బరికాయ తెచ్చి ఇచ్చింది. దిష్టి తీయడానికి. వాళ్ళు దాన్ని కుడి గుంజ కింద పెట్టేశారు. రెండు గంటల కష్టం తర్వాత ఫోనులో పడుగు ఒక మాదిరిగా నిటారుగా కనిపించింది. అందరూ చెమటలు తుడుచుకున్నారు. పనైందో లేదో చూద్దామని సెల్లమ్మ వట్టి నూలుతో నాలుగు వేళ్ళ మేర నేసింది. బట్ట ఒక పక్క కొండా, ఒక పక్క పల్లమూ అయింది.

అప్పుడు గోపినాథ్ వచ్చాడు. ఇటిక చూశాడు. కొబ్బరికాయ చూశాడు. అడ్డ కర్రకు పోటుగా పెట్టిన శంకరలింగం చేతికర్ర చూశాడు.

"ఎవరు చేసినారు ఇది?"

"నీ కన్నే చేయించినాది," అన్నాడు శంకరలింగం.

గోపినాథ్ వివరించాడు. ఎక్కువ చూడాలంటే గాజు ఉబ్బి ఉండాలని, ఉబ్బిన గాజుకు కొసలు వంగి కనిపిస్తాయని, మగ్గం ముందు సరిగ్గానే ఉందని చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. కొత్త వస్తువు మీద అంత నమ్మకం వచ్చాక, తెచ్చినవాడు చెప్పినా వినరు. ఎటూ తేలకపోతే కోకిల అంది. "శంకరలింగం మామా, మీరు లోపలికి పోయి ఆ ఎడమ మూలన నిలబడండి, ఒక నిమిషం."

ఆయన వెళ్ళి నిలబడ్డాడు. అందరూ ఫోను చుట్టూ చేరారు. అందులో ధర్మకర్త తాటిచెట్టులాగా ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. తల పనసకాయంత సాగి, ఒక చెవి కిటికీ దాకా పోయింది.

"ఇప్పుడేం చేస్తాము?" అంది కోకిల. "మామ కింద కూడా ఒక ఇటిక పెడతామా?"

ముందు నవ్వింది సెల్లమ్మే. ఆ వారంలో ఆమె నవ్వడం అదే మొదలు. శంకరలింగం బయటికి వచ్చి, తన బొమ్మ తనే చూసుకోవాలని మళ్ళీ పరుగున వెళ్ళి నిలబడి, అక్కడ నిలబడితే ఫోను కనిపించదని గ్రహించి తిరిగొచ్చాడు.

ఆ నలుగురూ తమ సొంత మగ్గాలు ఆపుకుని, చీకటి పడేదాకా సెల్లమ్మ చెయ్యి చెప్పినట్టు మగ్గాన్ని మళ్ళీ సరిచేశారు. ఒక్కరూ విసుక్కోలేదు. పచ్చయమ్మ అందరికీ రాగి అంబలి పోసింది. కొబ్బరికాయ మాత్రం వెనక్కి తీసుకుంది.

బొమ్మను నిటారు చేసే లెక్క గోపినాథ్ బోర్డుకు నేర్పాడు. నేర్చుకుంది గానీ, ఒక బొమ్మను సరిచేసే లోపల కాఫీ కాచి తాగి గ్లాసు కడిగి పెట్టొచ్చు. అంతలో నాడె ఎన్నిసార్లు దాటుతుందో. దినకరన్‌కు ఫోన్ చేశాడు.

"దాన్ని ఎందుకప్పా నిటారు చేస్తావు?" అన్నాడు దినకరన్. "నా ఇంటామె నన్ను ముప్పై ఏండ్లుగా వంకరగానే చూస్తా ఉండాది. రోజూ ఒకటే వంకర. అందుకే ఏదైనా మారితే టక్కున కనిపెడతాది. నీ బోర్డుకు అంత చాలు. నిన్నటి వంకర, నేటి వంకర పోల్చమను."

అలాగే చేశాడు. బాగున్న పడుగు బొమ్మను ముందే చూపించి, దానికి తేడా వస్తే గంట కొట్టమన్నాడు.

తొమ్మిది రోజుల మౌనం మొదలైంది. సెల్లమ్మ మాట్లాడకూడదు కాబట్టి ఒక ఒప్పందం చేసుకున్నారు. ఉత్త గంటైతే ఒక ఖాళీ కండె, అంటే నూలు చుట్టే చిన్న గొట్టం, గడప బయటికి విసరాలి. నిజంగా పోగు తెగి ఉంటే రెండు.

మొదటి రోజు గంట ఆగలేదు. బల్లి పాకితే మోగింది. కోకిల గడప దగ్గర మజ్జిగ చెంబు పెడితే మోగింది. పెంకుల సందులోంచి ఎండ పడి జరుగుతుంటే, ఆ ఎండ ఎంత దూరం జరిగితే అంతసేపూ మోగింది. సాయంత్రానికి గడప బయట కండెలు కుప్పపడ్డాయి. చివరిది ఒకటి గోపినాథ్ నుదుటికి తగిలింది. గురి చూసి విసిరిందని కోకిల అంటుంది. ఎడమ కన్ను కనిపించని మనిషికి అంత గురి ఎలా కుదురుతుందని గోపినాథ్ అంటాడు.

ఆ రాత్రి బోర్డుకు కొంచెం నిదానం నేర్పాడు. నాలుగో రోజు మధ్యాహ్నం గంట ఒక్కసారే మోగింది. మగ్గం చప్పుడు ఆగింది. గది బయట గోపినాథ్, కోకిల కదలకుండా కూర్చున్నారు. ఒక కండె గడప దాటి వచ్చింది. కోకిల తల వంచుకుంది. అంతలో రెండోది దొర్లుకుంటూ వచ్చి మొదటిదాని పక్కన ఆగింది. కోకిల రెండు కండెలూ తీసి కళ్ళకు అద్దుకుని, గుడి ఉన్న దిక్కుకు తిరిగి నిలబడింది.

తొమ్మిదో రోజు చీర దిగింది. గుడి మండపంలో శంకరలింగం దాన్ని వెలుతురుకు పట్టి, బొటనవేలితో ఎడమ అంచు నిమురుతూ ఒక కొస నుంచి బయలుదేరాడు. వీధంతా ఆ వేలి వెంటే నడిచింది. జానెడు, బారెడు, పైట దాకా. ఆ వేలు ఎక్కడా ఆగలేదు.

"మగ్గం విప్పే పని లేదు సెల్లమ్మా," అన్నాడు. చీర మడవడం మొదలుపెట్టాడు. "పోయిన ఏడు..."

"అమ్మవారికి కట్టేటప్పుడు ఆ గీతను కుచ్చిళ్ళలో దాచినావు," అంది సెల్లమ్మ. "ఎప్పుడూ లేంది ఎడమ అంచు లోపలికి మడిచినావు. అప్పుడే తెలుసు నాకు. నీకు దండం సామీ."

ఇంటికొచ్చాక గోపినాథ్ బోర్డు దాచిపెట్టిన బొమ్మలన్నీ ఫోనులో ఒక్కొక్కటే చూశాడు. తొమ్మిది రోజుల్లో పోగు తెగింది పదకొండుసార్లు. మొదటి మూడుసార్లు ముందు గంట, తర్వాత సెల్లమ్మ చెయ్యి. ఆ తర్వాత ప్రతి బొమ్మలోనూ చెయ్యే ముందు వచ్చింది. కొసకు సాగి, వంగి, బొమ్మలో గుమ్మడి తీగంత పొడవైన చెయ్యి, గంట కంటే ముందే తెగిన పోగు మీద ఉంది. గంటకు భయపడి ఘడియకోసారి ఎడమ అంచును తడమడం ఆ చేతికి అలవాటైపోయింది.

గోపినాథ్ ఫోను పట్టుకుని లోపలికి వెళ్ళాడు. దాచే మనిషి కాదు.

"అత్తా, నీకు ఇది అక్కరలేదు. నాలుగో తూరి నుంచి నువ్వే కనిపెట్టినావు. విప్పేస్తానా?"

సెల్లమ్మ బొమ్మలు చూసింది. తన చెయ్యి అంత పొడవు ఎప్పుడైందని ఆశ్చర్యపోయింది. తర్వాత దూలం వైపు తల ఎత్తింది.

"ఉండనీ నాయనా. నలభై ఏండ్లుగా ఆ తొమ్మిది దినాలు ఈ గదిలో నేనొక్కదాన్నే. ఈ తూరి ఎవరో ఉండారు."

గోపినాథ్ స్క్రూడ్రైవరు నోట్లో పెట్టుకుని నిచ్చెన వేశాడు, కెమెరాకు వదులైన స్క్రూ బిగించడానికి. సెల్లమ్మ అమ్మవారి గుడి నుంచి తెచ్చిన కుంకుమ పొట్లం విప్పింది. వేలికి అద్దుకుంది. ఆ చిన్న డబ్బా వైపు చూస్తూ ఆగింది.

"గాజు మీద పెట్టనులే," అంది. "దీనికి నుదురు యాడ ఉండాదో చెప్పు."